బొమ్మ మార్జిన్‌లో ఎవరూ మార్కులు వెయ్యరు

ఆర్ట్ కాలేజీలో ప్రింట్‌మేకింగ్ చదువుతున్న ఒకమ్మాయి, నాకు తెలిసిన పిల్లే, తన గ్రేడు అప్పీలుకి వచ్చిన జవాబుని ఫోటో తీసి పంపింది. మీ అప్పీలును పరిశీలించాము, గ్రేడు అనేది సంబంధిత అధ్యాపకుల విద్యాపరమైన నిర్ణయం, అందులో జోక్యం చేసుకోవడానికి తగిన కారణం కనిపించలేదు. అంతే. కింద సంతకం, స్టాంపు. "పేజీలకి పేజీలు రాశాను మేడం, ఒక్క మాటకైనా జవాబు చెప్పలేదు" అంది ఫోన్లో.

చదవగానే నాకూ ఒళ్లు మండింది. తర్వాత తను రాసిన అప్పీలు తెప్పించుకుని చదివాను. ఆ అప్పీలంతా తన పని ఎంత బావుందో చెప్పడానికే సరిపోయింది. ప్రింట్లలో కొత్తదనం ఉందని, సీనియర్లు మెచ్చుకున్నారని, వేరే సెక్షన్ సర్ చూసి "భలే ఉంది" అన్నారని, తమ టీచరుకి ఇలాంటి పని గిట్టదని క్లాసులో అందరికీ తెలుసని. అన్నీ నిజాలే కావచ్చు. కానీ వీటిలో దేన్ని పట్టుకునీ ఏ అప్పీలు కమిటీ గ్రేడు మార్చదు. మార్చకూడదు కూడా అంటాను నేను. ఈ మాటకి పిల్లలు నామీద విరుచుకుపడతారని తెలుసు, కాస్త ఆగండి, రెండో సగం ఉంది: "ఇది మా విద్యాపరమైన నిర్ణయం" అని తలుపు వేసుకునే హక్కు కాలేజీకి ఊరికే రాకూడదు. గ్రేడు వేసేటప్పుడే కారణం రాసిపెట్టుకున్న కాలేజీకే ఆ హక్కు ఉండాలి.

ఎనిమిది ప్రింట్ల గొడవ

అసలు పని ఏమిటో చెప్పకపోతే ఇదంతా గాల్లో మాట అయిపోతుంది. ఎచింగ్‌లో జింకు ప్లేటు మీది గీతల్ని యాసిడ్‌తో లోతు చేస్తారు. ఆ గీతల్లోకి ఇంకు కూరి, పైన మిగిలినదాన్ని జాలీలాంటి గరుకు గుడ్డని ఉండగా చుట్టి, గుండ్రంగా తిప్పుతూ తుడుస్తారు. ఆ తుడవడంలోనే సగం విద్య ఉంటుంది. ఎక్కువ తుడిస్తే గీతల్లో ఇంకు కూడా లేచిపోయి ప్రింటు పాలిపోతుంది, తక్కువ తుడిస్తే ఖాళీ జాగా అంతా మసక పొర కప్పేస్తుంది. ఎడిషన్ అన్నాక ఒక ప్లేటు నుంచి తీసిన ప్రింట్లన్నీ ఒకేలా ఉండాలి, మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెడితే తేడా పట్టుకోలేకపోవాలి. ఈ అమ్మాయి ఏం చేసిందంటే, ఒక గది బొమ్మ ఉన్న ప్లేటు నుంచి ఎనిమిది ప్రింట్లు తీస్తూ, ఒక్కోదానికీ తుడవడం కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోయింది. మొదటి దాంట్లో గది పట్టపగల్లా ఉంటుంది. ఎనిమిదో దాంట్లో కిటికీ అంచు తప్ప ఏమీ కనబడదు.

నాకు నచ్చింది, దాచుకోవడమెందుకు. టీచరు మాత్రం "ఎడిషన్‌లో నిలకడ లేదు, ఇంకింగ్ అసమానం" అని రాసి ఫీడ్‌బ్యాక్ షీటులోని టెక్నిక్ గడిలో మార్కులు బాగా కోసేశారు. మొత్తం మీద తేలింది బి మైనస్.

ఇక్కడ టీచరుకి కళ్లు లేవని తేల్చెయ్యడం తేలికే. కానీ ప్రింట్ల కింద పెన్సిల్‌తో ఈ పిల్ల ఏం రాసిందో చూశాను: 1/8, 2/8, 3/8, అలా చివరిదాకా. ప్రింట్‌మేకర్ ఎవరైనా ఆ అంకెలు చూస్తే ఇవన్నీ ఒకేలా ఉండాల్సినవి అనే అనుకుంటారు. కావాలని తేడాగా తీసినవాటి కింద ఈ.వీ. అని, అంటే వేరియబుల్ ఎడిషన్ అని రాసే అలవాటు ఉంది. ఆ రెండక్షరాలు ఉంటే టీచరు చూసే చూపే వేరుగా ఉండేది. అవి లేవు కాబట్టి ఆవిడ తన ముందున్నదాన్ని ఉన్నట్టే చదివారు.

అలాగని ఆవిడని పూర్తిగా వదిలెయ్యలేను. ఆ అమ్మాయి ప్రాసెస్ జర్నల్ నిండా ఈ తుడవడం గోలే. చిన్న చిన్న టెస్ట్ ప్రింట్లు వరసగా అతికించి, పక్కన తేదీ వేసి, గుడ్డతో ఎంత, అరచేత్తో ఎంత తుడిచిందో, ఏది మరీ నల్లబడిపోయిందో, ఎందుకు వద్దనుకుందో రాసుకుంది. ఒక పేజీలో ఇంకు వేలిముద్రలు కూడా ఉన్నాయి. జర్నల్‌కి సిలబస్ ప్రకారం వందకి ఇరవై మార్కులు. ఫీడ్‌బ్యాక్ షీటులో జర్నల్ గడి మాత్రం ఖాళీ. మార్కూ లేదు, మాటా లేదు. టీచరు అది తెరిచారో లేదో కూడా తెలియదు.

అప్పీలులో నిలబడే పాయింటు ఏదైనా ఉంటే అదొక్కటే. అన్ని పేజీల్లో దాని ఊసే లేదు. నేను చెప్పేసరికి గడువు కూడా దాటిపోయింది.

కమిటీ దేన్ని చూస్తుంది

పేర్లు మారతాయేమో గానీ దారి మాత్రం దాదాపు అన్నిచోట్లా ఇదే. ముందు టీచరుతో మాట్లాడాలి, అక్కడ తేలకపోతే హెచ్‌ఓడీ, అక్కడా తేలకపోతే డీన్ లేదా కమిటీ. ఇదంతా గడువు లోపల జరగాలి, ఆ గడువేమో గ్రేడు చూసిన షాకులోంచి తేరుకునేలోపే అయిపోయేంత చిన్నది. కమిటీ చూసేవి ఏమిటంటే, కూడికలో తప్పుందా, సిలబస్‌లో ముందే చెప్పిన లెక్క ప్రకారమే వేశారా, ఇచ్చిన పనంతా చూశారా, ఒకే క్లాసులో ఒకరికి ఒక కొలతా ఇంకొకరికి ఇంకో కొలతా పెట్టారా, పక్షపాతం ఏమైనా ఉందా. బొమ్మ బావుందా బాలేదా అనేది ఆ టేబుల్ మీదకే రాదు. కొన్నిచోట్ల మళ్లీ దిద్దితే మార్కు తగ్గే వీలు కూడా ఉంటుంది, సంతకం పెట్టేముందు ఆ చిన్న అక్షరాలు చదవడం మంచిది.

ఇదేదో కాలేజీలు తమను తాము కాపాడుకోవడానికి కల్పించుకున్న సాకు అనుకునేవాళ్లున్నారు. కొంత నిజమే గానీ చట్టాలు కూడా ఇదే గీత గీశాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో విద్యార్థుల ఫిర్యాదులు వినడానికి బయటి వ్యవస్థ ఉండాలని చెప్పిన 2004 చట్టమే, విద్యాపరమైన నిర్ణయాల జోలికి ఆ వ్యవస్థ వెళ్లకూడదని కూడా చెప్పింది. భారత సుప్రీంకోర్టు 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులో, రీవాల్యుయేషన్ ఉండదన్న బోర్డు నిబంధన చెల్లుతుందని తీర్పిచ్చింది.

నాకు వీటన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది అమెరికా సుప్రీంకోర్టు 1978లో తేల్చిన హోరోవిట్జ్ కేసు. మిస్సోరీ యూనివర్సిటీ మెడికల్ కాలేజీ ఒక విద్యార్థినిని క్లినికల్ పని బాలేదని పంపించేసింది. పంపించేముందు ఆమెకి ఒక రకమైన అప్పీలు ఇచ్చారు: ప్రాక్టీసులో ఉన్న ఏడుగురు డాక్టర్లు ఆమె పనితీరుని పరీక్షించారు. ఆ ఏడుగురిలో ఇద్దరు అనుకున్న సమయానికే పట్టా ఇవ్వొచ్చన్నారు. ఇద్దరు వెంటనే తీసెయ్యమన్నారు. మిగతా ముగ్గురు, ఇప్పుడే పట్టా వద్దు, ఇంకొన్నాళ్లు గమనించండి అన్నారు. కోర్టు చివరికి కాలేజీ వైపే నిలబడింది, ఇలాంటి అంచనాలు కోర్టు పద్ధతుల్లో ఒదిగేవి కావంది.

రోగిని ఎదురుగా పెట్టుకుని చూసే విద్యలోనే ఏడుగురు మూడు దారులు పట్టారు. చీకటి పడుతున్న ఆ గది ప్రింట్ల ముందు ఏడుగురు ఆర్టిస్టుల్ని నిలబెడితే ఎన్ని దారులవుతాయో ఊహించుకోండి. ఒక టీచరు బి మైనస్ వేశారు, కమిటీలో ఇంకొకరు ఏ వేస్తారు, మరి రెండోది ఎందుకు ఎక్కువ ఒప్పు? పైగా మొదటావిడ ఆ పిల్ల పనిని సెమిస్టరంతా, ప్లేటు దశ నుంచీ చూసింది. కమిటీలో కూర్చునేవాళ్లు ఒక మధ్యాహ్నం చూస్తారు. అప్పీలు అంటే ఎవరో ఒకరు ఒప్పుకునేదాకా జడ్జిని మార్చుకుంటూ పోవడమే అయితే, నోరున్నవాళ్లకీ పలుకుబడి ఉన్నవాళ్లకీ తప్ప ఎవరికీ మేలు జరగదు. అడగడానికి మొహమాటపడే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు, వాళ్ల గ్రేడు అలాగే పడి ఉంటుంది.

"కళ కదా, అంతా వాళ్లిష్టం"

అలా అనేవాళ్లతో నాకు పేచీ. కళలో మార్కులు గాలివాటమనీ, లెక్కల్లో అయితే న్యాయం ఉంటుందనీ చాలామంది అనుకుంటారు. 1912లో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు అమెరికాలో రెండు ఇంగ్లీషు జవాబు పత్రాల్ని కాపీలు తీసి చాలా స్కూళ్లకి పంపి దిద్దించారు, మార్కులు ఎక్కడెక్కడికో పోయాయి. ఇంగ్లీషు కాబట్టి అలా అయ్యింది అన్నారు జనం. మరుసటి ఏడాది జామెట్రీ పేపరు పంపించారు. అందులో తేడా తగ్గకపోగా ఇంకా పెరిగింది: అదే పేపరుకి ఒకరు 28 వేస్తే ఇంకొకరు 90 దాటించారు. ఒకరు జవాబు చూశారు, ఒకరు పద్ధతి చూశారు, ఇంకొకరు శుభ్రత చూశారు.

ఇంకోవైపు, థెరిసా అమబైల్ అనే సైకాలజిస్టు, 1982లో ప్రచురించిన అధ్యయనంలో, కొలాజ్‌లు, అంటే కాగితం ముక్కలు అతికించి చేసే బొమ్మలు చేయించి వాటిని ఆర్టిస్టుల చేత అంచనా వేయించింది. సృజన అంటే ఇదీ అని ముందుగా ఏ నిర్వచనమూ ఇవ్వలేదు, ఒకరితో ఒకరిని మాట్లాడుకోనివ్వలేదు. అయినా వాళ్ల అంచనాలు బాగానే కలిశాయి. ఆ పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు. అంటే పనిలో ఆరితేరినవాళ్ల చూపుకి ఏదో ఉమ్మడి ఆధారం ఉంది, అది పూర్తిగా వ్యక్తిగత రుచి కాదు.

నేను అప్పుడప్పుడూ సెమిస్టర్ చివరి జ్యూరీలకి, అంటే కొందరం కలిసి పిల్లల పనులు చూసి మార్కులు వేసేచోటికి, వెళ్తుంటాను, అక్కడ చూసింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. అందరికంటే బాగా చేసినవాళ్ల మీదా, అసలేమీ చెయ్యనివాళ్ల మీదా పెద్దగా వాదన ఉండదు. గొడవంతా మధ్యలో ఉన్న పెద్ద గుంపు దగ్గర. బికీ బి మైనస్‌కీ మధ్య తేడా ఏమిటని ఎవరైనా గట్టిగా అడిగితే మేం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుంటాం. అమబైల్ ఆర్టిస్టులు కలిసింది ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న వరస దగ్గర. గ్రేడు షీటు మాత్రం మమ్మల్ని అంతకంటే సన్నగా కొయ్యమంటుంది.

నాకున్న పెద్ద అనుమానం వేరే ఉంది. ఆరితేరినవాళ్లు ఏకాభిప్రాయానికి వస్తున్నారంటే, అందరూ ఒకే బడిలో చదివి ఒకే రకం పనిని మంచిదని నేర్చుకుని వచ్చారేమో. ఆ బడికి కొత్తగా వచ్చే పని ముందు అందరూ కలిసే పొరబడతారు. దానికి అప్పీలు మందు కాదు, ఎందుకంటే అప్పీలు కమిటీలో ఉండేదీ వాళ్లే. జ్యూరీలో బయటివాళ్లు ఉండాలని అనేది అందుకే. అయితే బయటివాళ్లు కూడా దేవుళ్లేం కాదు. ఒకసారి మధ్యాహ్నం మీద మధ్యాహ్నం సాగిన జ్యూరీలో, గోడ చివర పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి అందరం కాళ్లు పీకి కుర్చీల కోసం చూస్తున్నాం. పక్కనున్నాయన మార్కు వెయ్యబోతూ ఆగి "ఇది ఎవరిది?" అని అడిగాడు. పేరు చెప్పాక "ఓ, వాడా" అని అప్పుడు వేశాడు. రాత పరీక్షలో అయితే పేరు మీద కాగితం అతికించి సీలు వేస్తారు. స్టూడియోలో సెమిస్టరంతా ఎవరు ఏం చేస్తున్నారో అందరూ చూస్తూనే ఉంటారు, ఎంత దాచినా గీత చూసి పేరు చెప్పేస్తారు.

జవాబు పత్రం ఎక్కడుంది

2011లో భారత సుప్రీంకోర్టు ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో, దిద్దిన తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని చెప్పింది. గ్రేడు మార్చమని అడగడం వేరు, ఎలా వేశారో చూపించమనడం వేరు. మొదటిదాన్ని కోర్టులు కూడా మామూలుగా ముట్టుకోవు. రెండోదాన్ని హక్కుగా గుర్తించాయి. నాకు ఈ గీత చాలా సబబుగా తోస్తుంది.

దీన్ని స్టూడియోకి తెచ్చి పెట్టండి. ఇక్కడ జవాబు పత్రం ఏది? బొమ్మ విద్యార్థి ఇంట్లోనే ఉంది, కావలసినన్ని సార్లు చూసుకోవచ్చు. కానీ బొమ్మ మార్జిన్‌లో ఎవరూ ఎర్ర పెన్నుతో ఇక్కడ రెండు, ఇక్కడ సున్నా అని వెయ్యరు. దిద్దడమంతా క్రిట్‌లో, అంటే పనిని ఎదురుగా పెట్టి టీచరు మాట్లాడే క్లాసులో, నోటిమాటగా జరుగుతుంది. ముందు రోజు రాత్రంతా స్టూడియోలో మేలుకుని, ఇంకు వాసనతో వచ్చి నిలబడ్డ పిల్లకి ఆ ఇరవై నిమిషాల్లో ఎంత చెవికెక్కుతుంది? "ఇక్కడ ఇంకా ఏదో కావాలి", "మొదటి మూడే నాకు చాలు", "సరే, ఇంతకుముందు దానికంటే నయం". టీచరు మనసులో వీటికి స్పష్టమైన అర్థమే ఉండొచ్చు. నెల తర్వాత బి మైనస్ కనబడినప్పుడు ఆ పిల్లకి గుర్తుండేది మాత్రం టీచరు నయం అన్నారనే. "నయమన్నారు కదా, మరి ఇదేంటి?" అని అక్కడ మొదలవుతుంది కోపం. అప్పీళ్లలో సగం ఇలా పుడతాయని నా ఊహ.

అందుకే కాలేజీ చేతిలోని ఆ డాలు నాకు అంత తేలిగ్గా మింగుడుపడదు. విద్యాపరమైన నిర్ణయం అనాలంటే ముందు నిర్ణయం జరిగి ఉండాలి: ఎవరో ఒకరు ఫలానా పనిని, ఫలానా వాటి కోసం చూసి, ఇంత అనుకుని ఉండాలి. జర్నల్ గడి ఖాళీగా ఉన్నచోట అసలు ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. కమిటీ ఆ షీటు తెప్పించుకుని చూసినా ఆ ఖాళీ కనబడేది, పిల్ల అడగకపోయినా సరే. "మీరు ఆ పాయింటు రాయలేదు కదా" అనడం కోర్టులో చెల్లుతుందేమో. కాలేజీలో, ఇరవై ఏళ్ల పిల్లతో, అలా అనడం నాకు చిన్నతనంగా అనిపిస్తుంది.

గ్రేడ్లే వద్దనుకుంటే?

ఆ దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియాలోని కాల్‌ఆర్ట్స్‌లో ఏ, బి, సిలు ఉండవు, హై పాస్, పాస్, లో పాస్ ఉంటాయి. మధ్యలో గుంపు దగ్గర మేం పడే అవస్థ దీనితో చాలావరకు తీరుతుంది, అది నిజం. అయితే హై పాస్ వచ్చిన పిల్లకీ పాస్ వచ్చిన పిల్లకీ మధ్య అదే ప్రశ్న మళ్లీ లేస్తుంది. స్కాలర్‌షిప్‌కో, పై చదువుకో దరఖాస్తు పెట్టినప్పుడు అవతలివాళ్లు అంకె అడిగితే ఏం చూపించాలనేది ఇంకో తలనొప్పి. మెట్లు తగ్గించడం మంచిదే, కారణం చెప్పే పని మాత్రం దాంతో తప్పదు.

రూబ్రిక్‌ని, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే గడుల పట్టికని, ఇంకా సన్నగా చీల్చి ప్రతి గడికీ వివరంగా కొలతలు రాసెయ్యాలనేవాళ్లు మరో వర్గం. నాకు భయం వేసేది వీళ్లతోనే. గడులు ఎక్కువయ్యేకొద్దీ పిల్లలు గడులకి సరిపడా బొమ్మలు వేస్తారు. కాన్సెప్ట్‌కి పది మార్కులున్నాయి కదా అని పని అంతా అయ్యాక ఒక కాన్సెప్ట్ నోటు కుట్టి తెచ్చేవాళ్లని ఇప్పటికే చూస్తున్నాం. ఎనిమిదో ప్రింటుని అంత నల్లగా వదిలెయ్యడం ఏ రూబ్రిక్కూ ముందుగా ఊహించి గడి కట్టలేదు. నాలుగైదు గడులు చాలు, ప్రతి గడిలో ఆ పని గురించే రాసిన ఒకటి రెండు వాక్యాలుండాలి. వేరే విద్యార్థి షీటులోకి ఎత్తి అతికించినా సరిపోయే వాక్యమైతే అది లెక్కలోకి రాదు.

ఇదే మాట పెయింటింగ్ చెప్పే ఒక మిత్రుడితో అంటే నవ్వాడు. "నలభై మందికి రాయాలంటే నాకు రెండు మూడు సాయంత్రాలు పోతాయి, చివరికి అందరికీ కాపీ పేస్టే" అన్నాడు. ఇప్పుడు జరుగుతున్నది అదే కదా అన్నాను, "మంచి ప్రయత్నం, ఇంకా లోతుకి వెళ్లాలి" అనేది అతని షీట్లలో ఎన్నిచోట్ల చూశానో. సాయంత్రాలు పోతాయన్నది మాత్రం కొట్టిపారేసే మాట కాదు. పార్ట్‌టైమ్ మీద, గంటల లెక్కన పనిచేసే టీచర్లకి దిద్దే గంటలకి జీతం ఇవ్వకుండా కారణాలు రాయమంటే అది దోపిడీయే. మార్కులు వేసే అసైన్‌మెంట్ల సంఖ్య తగ్గించి, ఉన్నవాటికైనా సరిగ్గా రాయించుకోవడం కాలేజీ చెయ్యాల్సిన పని.

కాసేపయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు. "రాసిందల్లా రేపు అప్పీలులో నామీదకే తిరిగొస్తుంది. రాయకపోతే ఎవరూ ఏమీ అనలేరు." ఇంత నిజాయితీగా ఇంకెవరూ చెప్పలేదు నాకు. టెన్షన్ అర్థమైంది గానీ ఒప్పుకోలేకపోయాను. తిరిగి రావడానికే కదా రాసేది. "ఇంకింగ్ అసమానం" అని రాశారు కాబట్టే, అది కావాలని చేసిందని నేను ఇవాళ వాదించగలుగుతున్నాను, ఆవిడ పెన్సిల్ అంకెలు చూపించి నన్ను సగం నోరు మూయించగలరు కూడా. జర్నల్ దగ్గర ఇద్దరం వాదించుకోవడానికే ఏమీ లేదు.

మా మాట అక్కడ తెగలేదు. క్రిట్‌లో అతను ఒక్కో కాన్వాస్ ముందు అరగంట కూడా నిలబడతాడు, మంచి టీచరు, పిల్లలు ప్రాణం పెడతారు. షీటు మీద మాత్రం ఇప్పటికీ ఒకటే లైను. అలాంటి లైను వచ్చినవాళ్లకి నేను చెప్పేదొక్కటే. గ్రేడు చూసిన రోజే, అప్పీలు ఊసెత్తకుండా, మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి: ఏ గడికి ఎంత వేశారు, జర్నల్ చూశారా, చూస్తే అందులో ఏది సరిపోలేదు అని. జవాబు వస్తే నేర్చుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. రాకపోతే ఆ మెయిల్‌నే అప్పీలుకి జతచెయ్యండి. గడువు ఎప్పటిదాకా ఉందో మాత్రం ఆరోజే చూసుకోండి.